నాలుగేళ్లు వాడిన పాలిషర్: ఎక్కడ వేగం, ఎక్కడ మసక

కారు పెయింటుకు మెరుగుపెట్టే నా డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొని నాలుగేళ్లయింది. ప్యాడ్ 15 మిల్లీమీటర్ల మేర ఊగుతూ తిరిగే రకం, ప్యాడ్‌ను అంటించే ప్లేటు 5 అంగుళాలు. నా నల్ల కారుకు రెండుసార్లు, ఇంట్లోని తెల్ల కారుకు ఒకసారి, చుట్టాలూ స్నేహితులూ తెచ్చిన కార్లకు ఎన్నిసార్లో వాడాను. యంత్రం మంచిదే. మొదటి ఏడాది మాత్రం దాన్ని తిట్టని వారం లేదు, తప్పంతా నాదైనా.

తొందరగా ముగించాలన్న ఆశతో మొదట మైక్రోఫైబర్ ప్యాడ్, ఘాటైన కాంపౌండ్ (పెయింటు పైపొరను అరగదీసి గీతలు పోగొట్టే ముద్ద) పట్టుకుని నల్ల కారు బానెట్ మీద పడ్డాను. సుడి గీతలు చూస్తుండగానే మాయమయ్యాయి. అద్దంలా మెరిసింది. రెండుసార్లు కడిగాక సాయంత్రపు ఏటవాలు ఎండలో చూస్తే, అద్దం మీద ఊపిరి వదిలినట్టు బూడిదరంగు తెర! కాంపౌండ్‌లోని నూనెలు అన్నాళ్లూ ఆ సన్నగీతలను పూడ్చి దాచాయన్నమాట. పెద్ద గీతలను చెరిపిన ప్యాడే కంటికి ఆనని వేల గీతలను గీసిపోయింది. మళ్లీ మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో బానెట్ అంతా చేయాల్సి వచ్చింది. మిగిలిందనుకున్న సమయం వడ్డీతో సహా పోయింది.

అప్పటినుంచి ఎక్కడ పాలిష్ చేసినా, నీళ్లలో పదిహేను శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి ఆ భాగాన్ని తుడిచి, ఎల్‌ఈడీ దీపాన్ని పక్కనుంచి పట్టి చూస్తాను. తుడిస్తే పోయే మసక మిగిలిపోయిన పాలిష్. తుడిచినా కదలనిది పెయింటులో పడిన గీత. మొదటిదానికి గుడ్డ చాలు, రెండోదానికి మరో విడత పని. ఈ తేడా తెలియక నేను చాలా గుడ్డలు అరగదీశాను.

ఇప్పుడు నా పద్ధతి మామూలుగా ఉంటుంది. కారు కడిగి, క్లే బార్‌తో (మురికిని అంటించుకునే మెత్తటి మట్టి ముద్ద) మురికి తీసి, అంచులకు టేప్ అంటిస్తాను. మధ్యరకం ఫోమ్ ప్యాడ్, సన్నని పాలిష్ నాలుగు చుక్కలు. ముందు అరమీటరు చదరంలో పరీక్ష. అక్కడ మసక లేకుండా వస్తేనే మిగతా కారు. వేగం 4 లేదా 5 మీద, చేయి నెమ్మదిగా కదిలిస్తూ ఒక్కో చోట నాలుగుసార్లు. ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచాను: అది తిరగడం ఆగిందంటే నేను ఎక్కువగా నొక్కుతున్నట్టే, ప్యాడ్ వణుకుతోందే తప్ప పని చేయడం లేదు.

అసలు వేగం ఎక్కడ దొరికిందంటే, ప్యాడ్ శుభ్రంలో. ప్రతి చదరం అయ్యాక బ్రష్‌తో దులుపుతాను, కారుకు ఐదారు ప్యాడ్లు మారుస్తాను. ఎండిన పాలిష్, రాలిన పెయింటు పొడి నిండిన ప్యాడ్ ఎంత మంచి పాలిష్‌తోనైనా మసక తెస్తుంది. కాలుతున్న ప్యానెల్ మీద కూడా అంతే. నీడలో చల్లబడేదాకా ఆగుతాను. ఈ రెండూ పాటించాక నల్ల కారుకు కూడా చాలాచోట్ల రెండో విడత అవసరమే రావడం లేదు.

యంత్రం మీద ఫిర్యాదులు లేవనను. వంపులున్న తలుపుల దగ్గర, బంపరు మీద ప్లేటు తరచూ మొరాయిస్తుంది. అక్కడికి 3 అంగుళాల చిన్న యంత్రం కావాలి, అది నా దగ్గర లేదు. రెండు గంటల తరువాత వేళ్లకు తిమ్మిరి. మూడో ఏట ప్యాడ్‌ను పట్టి ఉంచే ప్లేటు ముళ్లు వేడికి అరిగిపోతే కొత్తది వేశాను.

లోతు గీతల జోలికి మాత్రం పోను. రంగు మీద ఉండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, చాలా కార్లకు 35 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గోరుకు తగిలే గీత కోసం దాన్ని అరగదీయడం నాకు గిట్టదు. పాత మైక్రోఫైబర్ ప్యాడ్లు రెండు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. తెల్ల కారు మీద ఆ తెర ఎవరికీ కనిపించదు కాబట్టి, దాని వంతు వచ్చిన రోజున మాత్రం ఆ ప్యాడ్లు బయటికి తీస్తాను.