ఈకాప్ మేలా, హెచ్‌పీటీ మేలా?

ఎంటెక్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే చాలు, జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, అల్యూమినియం అల్లాయ్ మీద ఎస్‌పీడీ చేయాలి, ఈకాప్ తీసుకోనా హెచ్‌పీటీ తీసుకోనా?" ఎస్‌పీడీ అంటే లోహాన్ని విపరీతంగా నలిపి దాని గ్రెయిన్లు (లోపలి చిన్న స్ఫటికాలు) సన్నబడేలా చేయడం; ఈకాప్‌లో రాడ్‌ని మలుపున్న డై గుండా తోస్తారు, హెచ్‌పీటీలో పలచటి బిళ్లని భారీ ప్రెషర్ కింద నొక్కి తిప్పుతారు. గ్రెయిన్ సన్నబడితే హార్డ్‌నెస్ ఎందుకు పెరుగుతుందో మీకు తెలిసిందే, అది వదిలేస్తా.

పెద్ద హార్డ్‌నెస్ నంబర్ ఒక్కటే కావాలంటే హెచ్‌పీటీనే, డౌటే లేదు. అల్యూమినియం-3% మెగ్నీషియంలో ఈకాప్‌తో గ్రెయిన్ 0.27 మైక్రాన్ల దగ్గర ఆగితే హెచ్‌పీటీతో 0.09 దాకా దిగింది. కానీ చేతికొచ్చేది ఎంత? మామూలుగా 10 మి.మీ. బిళ్ల, మందం 0.8. అందులోనూ స్ట్రెయిన్ (లోహం ఎంత నలిగిందనే లెక్క) అంతటా ఒకేలా ఉండదు, ఒక్క టర్న్‌కి అంచు దగ్గర షియర్ 39 వస్తే మధ్య నుంచి 1 మి.మీ. దూరంలో 8 కూడా రాదు, నడిమధ్యన లెక్కప్రకారం సున్నా. వికర్స్ ముద్రలు (హార్డ్‌నెస్ కొలవడానికి డైమండ్ మొనతో నొక్కే గుర్తులు) మధ్య నుంచి అంచుకి వరసగా వేస్తూ పోతే ఒక్కో ముద్రా చిన్నదైపోవడం, అంటే గట్టిదనం పెరగడం, మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. టర్న్స్ పెంచితే చాలావరకు సర్దుకుంటుందిలెండి. (99.99% అల్యూమినియంలో మొదట్లో అంతా ఉల్టా, అంచు రికవరీ అయి (లోపలి డిఫెక్టులు సర్దుకుని) మెత్తబడుతుంది, మధ్యే గట్టిగా ఉంటుంది, మెషిన్ పాడైందని కంగారుపడకండి.)

నా ఓటు మాత్రం ఈకాప్‌కే, ఎందుకంటే బయటికొచ్చేది రాడ్, టెన్సైల్ శాంపిల్ కోసుకోవచ్చు, ప్రతి పాస్ (డై గుండా ఒకసారి తోయడం) తర్వాత ఒక ముక్క తీసి స్ట్రక్చర్ చూసుకోవచ్చు. 90 డిగ్రీల డైలో పాస్‌కి స్ట్రెయిన్ 1 కాస్త అటూఇటూ. హార్డ్‌నెస్ పెరిగేదాంట్లో ఎక్కువ భాగం మొదటి పాస్‌లోనే పెరిగిపోతుంది, కానీ అప్పుడు లోపల ఉండేవి సాగిన సబ్‌గ్రెయిన్ బ్యాండ్లు, లో-యాంగిల్ బౌండరీలే (పక్కపక్క స్ఫటికాల దిశల్లో తేడా తక్కువున్న సరిహద్దులే) ఎక్కువ. రూట్ బీసీలో, అంటే పాస్‌పాస్‌కీ రాడ్‌ని ఒకే వైపు 90 డిగ్రీలు తిప్పుతూ పోతే, నాలుగో పాస్ దగ్గర గానీ గుండ్రటి గ్రెయిన్లు, హై-యాంగిల్ బౌండరీలు సరిగ్గా రావు. హార్డ్‌నెస్ ఒక్కటే కొలిచి ఒక పాస్‌తో ఆపేసేవాళ్లకి ఈ తేడా అసలు కనపడదు.

ఏఆర్‌బీ (షీట్లని ఒకదానిమీద ఒకటి పేర్చి పదేపదే రోల్ చేయడం) అంటారా, షీట్ కావాలంటేనే, రోలింగ్ మిల్ ఉంటే చాలు, అంతే.

ఏజెడ్31 లాంటి మెగ్నీషియం అల్లాయ్ అయితే మాత్రం ఈకాప్ రూమ్ టెంపరేచర్‌లో పగిలిపోతుంది, 200 డిగ్రీల దాకా వేడి చేయాలి, హెచ్‌పీటీలో ఆ ప్రెషర్‌కి పగలకుండా నిలబడుతుంది, అక్కడ దానికే దండం. ఏది చేసినా శాంపిల్‌ని హాట్ మౌంటింగ్ (వేడిచేసిన రెసిన్‌లో బిగించడం) చేయకండి, ముఖ్యంగా ప్యూర్ మెటల్ అయితే, ఆ వేడికే మెత్తబడొచ్చు, కోల్డ్ సెట్టింగ్ రెసిన్ వాడండి.