డాబా మీద ఎక్స్‌పీఎస్, రేకుల కింద రాక్‌వూల్: ఆరు ఎండాకాలాలు వాడాక

పాత ఇల్లు బాగుచేయించినప్పుడు వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మి.మీ. మందం ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు ప్లాస్టిక్) బోర్డులు, పక్కనున్న వాలు రేకుల గదికి రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఊలు పరుపులు) వేయించాం. డాబా పని పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది. రేకుల గది మాత్రం సగమే.

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి కప్పుకు అరచెయ్యి ఆనిస్తే తేడా తెలిసిపోతుంది. బోర్డులు వేయని మెట్లగది కప్పు అప్పటికీ సెగ కక్కుతుంటుంది. పడగ్గది కప్పు మాత్రం పక్క గోడలాగే ఉంటుంది. శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి గదిలోకి వదులుతుంది కదా. బోర్డు పైనుంటే ఆ వేడిలో చాలా భాగం కాంక్రీటు దాకా రాదు. అదే బోర్డును కింద ఫాల్స్ సీలింగులో పెడితే గదికి మేలే గానీ, శ్లాబు ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుని పగుళ్లిస్తూనే ఉంటుంది. లెక్కలో చూస్తే, ఐదంగుళాల ఉత్త శ్లాబు ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు మూడున్నర వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. బోర్డు వేశాక అది అర వాటు దగ్గరికి వస్తుంది. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 పైకప్పుకు పెట్టిన హద్దు 1.2 వాట్లు.

అయితే ఈ పనిలో అసలు ప్రాణం బోర్డులో లేదు, దాని కింద చేసే వాటర్‌ప్రూఫింగులో ఉంది. పైన కాంక్రీటు పడ్డాక ఎక్కడ కారుతోందో వెతకడం నరకం. పాత తాపడాన్ని సుత్తితో తడుతూ వెళ్లి, డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా కొట్టించాలి. వాటం ముందే, శ్లాబు మీదే, పదడుగులకు ఒకటింపావు అంగుళం చొప్పున తూము వైపు ఇవ్వాలి. పై కాంక్రీటులోనే వాటం ఇస్తే, సందుల్లోంచి దిగిన నీళ్లు బోర్డుల కింద మడుగు కడతాయి. పాలిమర్ కోటింగు రెండు చేతులు వేసి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా ఎక్కించాలి. మూలల్లో ఫైబర్ మెష్ తప్పనిసరి. తర్వాత తూములు మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద గదుల్లో చెమ్మ చూడాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఈ రెండు రోజులు వదులుకోకండి.

1.25 × 0.6 మీటర్ల బోర్డు దాదాపు ఎనిమిది చదరపు అడుగులు వస్తుంది. వెయ్యి అడుగులకు తరుగుతో కలిపి 130 కావాలి. ఇటుకల్లా అతుకులు తప్పించి పేర్చి, పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చే సింథటిక్ గుడ్డ), చికెన్ మెష్ (సన్న ఇనుప వల), 50 మి.మీ. కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు ముక్కలు. థర్మోకోల్ చౌకే గానీ ఇక్కడ వద్దు, ఏళ్ల తరబడి తడి పీలుస్తుంది. పెట్రోలు రకం ద్రావకం కలిసిన తారు ప్రైమరు ఎక్స్‌పీఎస్‌కు తగిలితే బోర్డు గుంటలు పడి కరిగిపోతుంది.

మా పనిలో జరిగిన తప్పు ఒకటుంది. పై కాంక్రీటును నాలుగైదు అడుగుల గడులుగా విడగొట్టలేదు. రెండో వేసవికే అడ్డంగా చీలింది. కట్టరుతో గాళ్లు కోయించి సీలెంటు నింపాక ఆగింది. ఎత్తు సంగతి కూడా ముందే చూసుకోవాలి: నాలుగంగుళాలు పైకొచ్చేసరికి మెట్లగది గడప మునుగుతుంది, పిట్టగోడ పొట్టిదవుతుంది. కాంక్రీటు ఒక్కటే చదరపు మీటరుకు 120 కిలోల బరువు, కాబట్టి కప్పు పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డ శ్లాబైతే ఇంజనీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

రేకుల గదిలో ఫాల్స్ సీలింగు పైన 50 మి.మీ. రాక్‌వూల్, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రతది, పరిపించాం. గాలి పోయే దారి పెట్టలేదు. చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున పట్టిన చెమ్మ బొట్లుగా రాలి ఊలు తడిసింది. తడిసిన ఊలు కుంగుతుంది, వేడిని ఆపదు. రెండు త్రికోణపు గోడల్లోనూ వలతో కిటికీలు పెట్టి, పాడైన పరుపులు మార్చాక బాగుంది. మెరిసే ఫాయిల్ షీటును రేకుకు అంటించి అమ్ముతుంటారు, అది దండగ. ఫాయిల్‌కు ఎదురుగా అంగుళం ఖాళీ ఉంటేనే పనిచేస్తుంది, మంగళూరు పెంకుల కిందైనా అంతే.

బోర్డుల ఖర్చు భరించలేనివాళ్లు ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేసుకోవచ్చు. పగటి సెగ బాగానే తగ్గుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం నడిచేది ఇలాంటి తెల్ల పూతలు, టైల్స్ వంటివాటి మీదే. కాకపోతే దుమ్ము పడితే తెలుపు పోతుంది, పనితనమూ పోతుంది. ఏటా ఉగాదికి ముందు చీపురూ నీళ్లూ పెట్టి కడగాలి, మా టైలు ముక్కలకైనా అదే సేవ.