రింగ్ ఫిట్ అడ్వెంచర్: బెజవాడ ఎండాకాలానికి సరిపోయిన ఆట

వీడియోగేమ్ కన్సోల్ ముందు నిలబడి చేతులు ఊపే ఆటలు నాలుగు రోజుల మోజు, ఎప్పుడో పోయాయి అనేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఒక్కసారి రింగ్ ఫిట్ ఆడాలని నా కోరిక. 2019 అక్టోబర్‌లో నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్‌కి వచ్చిన ఆట ఇది, మా ఇంట్లో ఇప్పటికీ ఆడుతున్నాం.

మే నెలలో మా మొగల్రాజపురంలో పొద్దున ఏడు దాటితే బయట నడవలేం, సాయంత్రం చీకటి పడ్డా కొండ వేడి తగ్గదు. అలాంటప్పుడు హాల్లో టీపాయ్ పక్కకి జరిపి, ఫ్యాన్ ఫుల్లు పెట్టుకుని ఆడే వ్యాయామం ఇది. పెట్టెలో ఒక రింగు, తొడకి కట్టుకునే పట్టీ వస్తాయి. స్విచ్‌తో వచ్చే రెండు చిన్న కంట్రోలర్లలో (వాటినే జాయ్‌కాన్‌లు అంటారు) కుడిది రింగుకి తగిలించాలి, ఎడమది పట్టీలో పెట్టాలి. ఉన్నచోటే పరిగెడితే తెర మీద బొమ్మ పరిగెడుతుంది, రింగు నొక్కితే గాలి దెబ్బ తగులుతుంది, రాక్షసుణ్ణి కొట్టాలంటే స్క్వాట్లు తీయాల్సిందే. ఎంత గట్టిగా నొక్కామో రింగులో సెన్సర్ కొలుస్తుంది కాబట్టి ఊరికే చెయ్యి ఆడించి తప్పించుకోవడం కుదరదు. లెవెల్ అయ్యాక కుడి జాయ్‌కాన్‌లో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా మీద బొటనవేలు ఆనిస్తే పల్స్ చెబుతుంది. మా అమ్మకి అన్నిటికన్నా అదే ఇష్టం. "ఒరేయ్, నాది ఎంతొచ్చిందో చూడరా, కళ్లజోడు లేదు" అని కూర్చోకుండానే అడుగుతుంది.

అసలు మోజు అన్న మాట ఎందుకొచ్చిందంటే, 2006లో వచ్చిన నింటెండో పాత కన్సోల్ వీ (Wii) పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని రిమోట్‌లో మొదట కదలిక వేగంలో మార్పు పట్టే యాక్సిలరోమీటర్, టీవీ దగ్గర పెట్టిన బార్ వెలుగుని చూసే కెమెరా, ఇవే ఉన్నాయి. దాంతో సోఫాలో కూర్చుని మణికట్టు విదిలించినా టెన్నిస్ షాట్ పడేది. చెయ్యి ఎటు తిరిగిందో పట్టే గైరోస్కోప్ 2009లో మోషన్‌ప్లస్ అనే అదనపు పరికరంతో గానీ రాలేదు. ఈలోపు బటన్ నొక్కితే అయిపోయే పనికి కూడా రిమోట్ ఊపమనే ఆటలు లెక్కలేనన్ని వచ్చాయి. జనానికి విసుగొచ్చింది వాటి మీదే, అది న్యాయమే.

మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ కన్సోల్‌కి తెచ్చిన కైనెక్ట్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. చేతిలో ఏమీ లేకుండా ఒంటినే కంట్రోలర్‌గా చూసే కెమెరా, 2010లో మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడైంది. కానీ ఒక్కరు ఆడటానికే టీవీకి ఆరడుగుల దూరంలో నిలబడాలి, ఇద్దరైతే ఎనిమిది. మన అపార్ట్‌మెంట్ హాల్లో దివాన్ కాట్, డైనింగ్ టేబుల్ పోగా ఆ జాగా ఎక్కడుంటుంది? 2013లో ఎక్స్‌బాక్స్ వన్ అనే కొత్త కన్సోల్‌తో కలిపే అమ్మారు, కొనేవాళ్ల మీద ధర భారం పడింది, మరుసటి ఏడాదే విడదీశారు, 2017కల్లా తయారీ ఆపేశారు. రింగ్ ఫిట్‌కి కెమెరా ముందు నిలబడే పనే లేదు, చాప పరిచేంత జాగా చాలు.

అందుకే నా మాట ఇది: ఒళ్లు కదలడమే ఆట అయినచోట మోషన్ కంట్రోల్ (కదలికతో ఆడించే పద్ధతి) నిలిచింది, బటన్‌కి బదులుగా అతికించినచోట పోయింది. గైరోస్కోప్ అయితే పోనే లేదు, సోనీ కన్సోల్ పీఎస్5 కంట్రోలర్‌లోనూ ఉంది, స్ప్లాటూన్ అనే షూటింగ్ ఆట ఆడేవాళ్లలో చాలామంది గురి పెట్టేది దాంతోనే.

లోపాలూ చెప్పాలి. చెమట పడితే తొడ పట్టీ జారుతుంది, మధ్యలో ఆపి బిగించుకోవాలి. లుంగీ మీద అసలు నిలవదు, ట్రాక్ ప్యాంటు వేసుకోండి. అమ్మ పంజాబీ డ్రెస్ మీద కట్టుకుంటుంది, బాగానే ఉంటుంది. తెలుగు లేదు, కాకపోతే భంగిమలన్నీ బొమ్మ చేసి చూపిస్తుంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు. కింద ఫ్లాట్‌లోకి చప్పుడు వెళ్తుందని భయం ఉంటే సైలెంట్ మోడ్ పెట్టుకోవచ్చు, పరుగుకి బదులు మోకాళ్లు వంచితే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఇక్కడ దొరికేది ఎక్కువగా దిగుమతి సరుకే, ధర షాపుకో రకంగా చెబుతారు, నాలుగు చోట్ల అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే రింగు, పట్టీ రెండూ ఉన్నాయో లేదో చూసి, అక్కడే తగిలించి నొక్కి చూడండి. స్విచ్‌లో చేత్తో పట్టుకుని ఆడే చిన్న రకం, స్విచ్ లైట్, టీవీకి కలవదు, జాయ్‌కాన్‌లు విడిగా కొనాలి. 2025లో వచ్చిన స్విచ్ 2 ఉన్నవాళ్లకి కూడా పాత జాయ్‌కాన్‌లే కావాలి, కొత్తవి ఈ రింగుకి పట్టవు.