నాగార్జునకొండ మ్యూజియం: హడావిడిగా చూసే చోటు కాదు

సాగర్ వెళ్లేవాళ్లలో చాలామంది డ్యామ్ చూసి, లాంచీ ఎక్కి, ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. దయచేసి రిజర్వాయర్ మధ్య దీవిలా మిగిలిన కొండ మీది మ్యూజియంకి కనీసం రెండు గంటలు కేటాయించండి. మమ్మల్ని తీసుకెళ్లిన ట్రావెల్స్ వాళ్లు గంటలో వచ్చేయమన్నారు. ఆ టెన్షన్‌లో మా అమ్మాయి సగం గ్యాలరీలు చూడనేలేదు.

కృష్ణ ఒడ్డున, ఒకప్పుడు ఆంధ్ర ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం రిజర్వాయర్‌లో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ప్రభుత్వ ఖర్చుతో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొండ మీద, ఇంకొన్నింటిని ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. మునిగిన లోయ నమూనా లోపల ఉంది, ముందు అదే చూడండి. ఏది ఎక్కడిదో అప్పుడు అర్థమవుతుంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఛాయాస్తంభాలు. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లవి. రాజులకు, సైనికులకే కాదు, చేతిపనివాళ్లకు కూడా నిలిపారు! మాంధాత జాతక (బుద్ధుడి పూర్వజన్మ కథ) శిల్పం సరేసరి, చాలా బాగుంది.

మన పన్నుల డబ్బు ఇలాంటి పనికి వెళ్తే నాకు సంతోషమే. పక్కనే నల్లమలలో చెంచుల పాటలు, కథలు రికార్డు చేయడానికి కూడా ఇంతే శ్రద్ధగా నిధులివ్వాలి. రాయి ఆగుతుంది, పాడే పెద్దవాళ్లు ఆగరు.

శుక్రవారం సెలవు. లాంచీ టైమింగ్స్ ముందే కనుక్కుని, ఉదయం మొదటి లాంచీకే వెళ్లండి.