బౌల్ కోజీకి ఏ దూది, ఏ బట్ట, ఏ దారం: మైక్రోవేవ్‌లో పెట్టదగిన కుట్టు సామగ్రిపై సమీక్ష

మైక్రోవేవ్‌లో వేడి చేసిన గాజు గిన్నెను గానీ పింగాణీ గిన్నెను గానీ చేయి కాలకుండా బయటికి తీయడానికి, గిన్నె ఆకారానికి తగ్గట్టు దూది పొర పెట్టి కుట్టుకునే తొడుగును బౌల్ కోజీ అంటున్నారు. అమెరికాలో క్విల్టులు, అంటే దూది పొర పెట్టి కుట్టే బొంతల్లాంటి దుప్పట్లు, కుట్టేవారి మధ్య మొదలైన ఈ కుట్టు అక్కడి తెలుగు ఇళ్లకు చేరి, ఇప్పుడు మన ఊళ్లలో కుట్టు మిషను ఉన్నవారిని కూడా ఆకర్షిస్తోంది. వంటింట్లో వేడి గిన్నెలు దించడానికి మనం వాడే మసిగుడ్డకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మసిగుడ్డ పొయ్యి బయటే ఉంటుంది. కోజీ గిన్నెతో పాటు మైక్రోవేవ్ లోపలికి వెళుతుంది. అందువల్ల దానిలోని ప్రతి పొరా, ప్రతి దారపు పోగూ ఆ యంత్రంలో ఉండదగినదై ఉండాలి. పైబట్ట మంచిది కొని, లోపలి దూది సంగతీ దారం సంగతీ పట్టించుకోకుండా కుట్టిన కోజీలు బహుమతులుగా చేతులు మారుతుండడం చూస్తున్నాను కనుక, సామగ్రి గురించి వివరంగా రాయడం అవసరమనిపించింది.

ముందుగా దూది పొర. నేను ప్రధానంగా వాడుతున్నది పెల్లాన్ సంస్థ తయారుచేసే ర్యాప్-ఎన్-జాప్. ఇది నూటికి నూరు శాతం నూలు దూది; మైక్రోవేవ్‌లో బంగాళాదుంపలు ఉడికించే గుడ్డ సంచుల వంటి వాటి కోసమే తయారైనది. రంగు వేయని సహజమైన దూది కాబట్టి కాస్త గోధుమ ఛాయలో ఉంటుంది. పలుచని తెల్ల బట్ట కింద పెడితే ఆ ఛాయ పైకి కనిపిస్తుంది, ముదురు రంగు బట్ట కింద ఆ ఇబ్బంది లేదు. కత్తిరించేటప్పుడు అంచులు పెద్దగా చెదరవు, మిషను పాదం కింద సాఫీగా నడుస్తుంది. దీనికి సమానంగా చెప్పదగినది వార్మ్ కంపెనీ వారి వార్మ్ టేటర్. అదీ నూరు శాతం నూలే, మైక్రోవేవ్ వాడకం కోసమే ఉద్దేశించినది. ఈ రెండింటిలో ఏది దొరికితే అది నిశ్చింతగా కొనవచ్చు. నాకు పెల్లాన్ కొంచెం ఎక్కువ నచ్చింది. అది కేవలం చేతి అలవాటు, భద్రతలో తేడా వల్ల కాదు.

అసలు జాగ్రత్త పడవలసింది ఈ రెండూ దొరకనప్పుడు అంగడివారు చూపించే ప్రత్యామ్నాయాల దగ్గర. వార్మ్ అండ్ నేచురల్ అనే పేరు వినగానే అది స్వచ్ఛమైన దూది అనిపిస్తుంది. దుప్పట్లకు అది చక్కని సరుకే, నేనూ ఆ పనికి వాడతాను. కానీ దూది విడిపోకుండా పట్టి ఉంచడానికి దానిలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సన్నని జాలిక ఉంటుంది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరిగిపోతుంది. అదే సంస్థ మైక్రోవేవ్ వస్తువుల కోసం వేరుగా వార్మ్ టేటర్‌ను తయారుచేస్తోంది కాబట్టి, కోజీ కుట్టేవారు ఏది ఎంచుకోవాలో ఆలోచించవలసిన పని కూడా లేదు. హాబ్స్ వారి 80/20 రకంలో పేరులోనే ఉన్నట్టు 80 పాళ్లు నూలు, 20 పాళ్లు పాలిస్టర్. అదీ ఈ పనికి వద్దు.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇన్సుల్-బ్రైట్ అనే లోపలి పొరతో జరుగుతుంది. వేడి గిన్నెల కింద వేసే చాపలకూ, ఓవెన్ గ్లౌజులకూ దీనిని వాడతారు కనుక, వేడిని ఆపుతుందన్న ఒకే ఒక కారణంతో కోజీకి కూడా ఇదే తగినదని చాలామంది అనుకుంటారు. దీని మధ్యలో వేడిని వెనక్కి తిప్పికొట్టే లోహపు పూత గల పలుచని పొర ఉంటుంది. మైక్రోవేవ్ తరంగాలు తగిలినప్పుడు అంత పలుచని లోహపు పూతలో విద్యుత్తు పుట్టి, నిప్పురవ్వలు లేచి, చుట్టూ ఉన్న బట్ట అంటుకోవచ్చు. దీనిని మైక్రోవేవ్‌లో వాడవద్దని తయారీదారులే చెబుతున్నారు. వేడికి తట్టుకోవడం వేరు, మైక్రోవేవ్‌లో ఉండగలగడం వేరు అన్న సంగతి ఈ ఒక్క సరుకును చూస్తేనే అర్థమవుతుంది.

ఇక మన దగ్గర దర్జీలు వాడే స్పాంజి, పేస్టింగ్ కాన్వాసు, ఇస్త్రీ పెట్టెతో అతికించే జిగురు పొరలు, అతుకు స్ప్రేలు, ఇవేవీ ఈ పనికి పనికిరావు. వాటిని గురించి ఇంతకంటే రాయనవసరం లేదు.

పెల్లాన్, వార్మ్ టేటర్ వంటివి మన ఊళ్ల దుకాణాల్లో చేతికి అందేవి కావు. అయితే దూది పొర లేకపోతే కోజీ కుట్టలేమని ఎవరూ అనుకోవద్దు. బొంతలు కుట్టిన ఇళ్లలో పాత నూలు చీరలకు కొదవ ఉండదు. ఉతికి ఉతికి మెత్తబడిన అచ్చ నూలు చీరను ఆరేడు పొరలుగా మడిచి పెడితే చేతికి తగిన దళసరి వస్తుంది, పైగా అది ఇంక కుదించుకుపోదు. నా అభిప్రాయంలో ఇది కొన్న దూది పొర కంటే ఏమాత్రం తక్కువది కాదు, కొన్ని విషయాల్లో మెరుగైనది కూడా. చీరకు కుట్టిన ఫాలును మాత్రం పూర్తిగా విప్పేయాలి. ఫాలు బట్టా, దానిని కుట్టిన దారమూ చాలా తరచుగా పాలిస్టర్‌వే. అంచులో జరీ ఉంటే అంచు మొత్తాన్నీ కోసి పక్కన పెట్టాలి. పొరలు ఎక్కువగా ఉంటాయి కనుక మిషనుకు 16 నంబరు సూది వేసుకుంటే కుట్టు తప్పకుండా నడుస్తుంది. పరుపులవారి దగ్గర ఏకిన దూదిని కొని విడిగా నింపడం మాత్రం నేను మెచ్చను. నాలుగు ఉతుకులకే అది ఒక మూలకు ఉండకట్టి, మిగతా చోట రెండు పలుచని బట్టలే మిగులుతాయి. వేళ్లు అక్కడే కాలుతాయి.

పైబట్ట విషయానికి వస్తే, అమెరికాలో క్విల్టు బట్టలు అమ్మే దుకాణాల్లో తాను చివర అట్టముక్క మీద ఏ పీచు ఎంత శాతం ఉందో అచ్చు వేసి ఉంటుంది. అక్కడ నూరు శాతం నూలు అని చూసి కొంటే చాలు. కానీ అచ్చ నూలు బట్ట మీదే బంగారు రంగు మెరుపుతో పూలూ చుక్కలూ అచ్చు వేసినవి పండుగల ముందు ఎక్కువగా వస్తాయి. ఆ మెరుపులో లోహపు పొడి ఉందా లేదా అన్నది కంటితో తేల్చలేం కాబట్టి, మెరిసే అచ్చు ఉన్న బట్టను ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయడమే సరైన పని. మన వైపు జరుగుతున్న బంగారు ఖాడీ అచ్చుకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మన నేతల్లో ఈ పనికి అందంగానూ క్షేమంగానూ ఒదిగేవి చాలా ఉన్నాయి. పెడన కలంకారీ అచ్చు వేసిన నూలు బట్ట నాకు మొదటి ఎంపిక. దానిలో జరీ ఉండదు, నేత గట్టిగా ఉంటుంది, గిన్నె కింద నల్లని మరకలు పడినా కొట్టొచ్చినట్టు కనిపించవు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుది, పట్టుది, రెండూ కలిసిన సికో రకమూ ఉన్నాయి కనుక అడిగి నూలుదే తీసుకోవాలి. మంగళగిరి బట్ట మెత్తదనంలోనూ మన్నికలోనూ గొప్పదే గాని, దానికి పేరు తెచ్చిన నిజాం అంచులో ఉన్నది జరీ. అంచును మినహాయించి మధ్య బట్టను మాత్రమే కత్తిరించుకోవాలి. గద్వాల చీరలో ఒళ్లంతా నూలైనా అంచూ పల్లూ పట్టూజరీలతో ఉంటాయి. వెంకటగిరి నూలు చీరల్లో బుటాలు జరీతో నేసినవి ఉంటాయి కాబట్టి బట్టను వెలుతురుకు ఎత్తి పట్టి చూడాలి. పొందూరు ఖద్దరు అచ్చ నూలే, అభ్యంతరం లేదు. అంత సన్నని నూలుతో చేత్తో వడికి నేసిన బట్టను గిన్నె కిందికి కత్తిరించడానికి మాత్రం నాకు మనసు ఒప్పదు. ముక్కలు మిగిలితే వాడుకోవచ్చు.

జరీ గురించి ఇంకొక మాట. వెండి తీగను చుట్టి బంగారు పూత పూసిన అసలు జరీ అయినా, రాగి తీగతో చేసినదైనా, ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత పూసి సన్నగా చీల్చిన చవక రకమైనా, మూడింటిలోనూ లోహం ఉంది. ఇంటి మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. సన్నని లోహపు తీగ ఆ తరంగాల మధ్య ఉంటే దాని కొనల దగ్గర విద్యుత్తు పోగై నిప్పురవ్వ లేస్తుంది. జరీ అసలుదైతే ఫరవాలేదనే మాటలో నిజం లేదు.

బట్టల దుకాణంలో కాటన్ అని చెప్పినంత మాత్రాన నమ్మి కొనవద్దు. చేనేత ముద్ర ఉందన్నదీ చాలదు. 2006లో వచ్చిన ఆ ముద్ర బట్టను చేత్తో నేశారని చెబుతుంది గాని అది నూలే అని చెప్పదు. బ్లౌజు ముక్కల్లోనూ లైనింగు బట్టల్లోనూ పాలిస్టర్ కలిసినవి నూలు బట్టల పక్కనే, అదే రంగుల్లో, ఇంచుమించు అదే ధరకు ఉంటాయి. నిజం తేల్చుకోవడానికి కాల్చి చూడడమే నాకు తెలిసిన నమ్మదగిన ఇంటి పద్ధతి. బట్ట అంచు నుంచి నిలువు పోగులూ అడ్డపోగులూ విడివిడిగా లాగి, స్టీలు పళ్లెం మీద చిమటాతో పట్టుకుని నిప్పు తగిలించాలి. నూలు పోగు వెంటనే అంటుకుని, కాగితం కాలిన వాసన వేసి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ పోగు మంట నుంచి ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండు వైపుల పోగులనూ కాల్చి చూడమనడానికి కారణం ఉంది: నిలువు ఒక పీచుతో, అడ్డం మరొక పీచుతో నేసిన బట్టలు అంగట్లో ఉన్నాయి.

దారం దగ్గరే చాలామంది తడబడతారు. దర్జీ సామాను దుకాణాల్లో దారం అడిగితే చేతికిచ్చేది చాలావరకు స్పన్ పాలిస్టర్. అడిగి నూలు దారమే తీసుకోవాలి. గూటర్‌మాన్ కంపెనీ దారాల్లో సూ-ఆల్ అన్నది పాలిస్టర్, కాటన్ అని రాసినది నూలు. కండెలు చూడడానికి ఒకేలా ఉంటాయి కనుక పేరు చదవకుండా తీసుకోవద్దు. ఆరిఫిల్ కంపెనీ వారి 50 వెయిట్ నూలు దారం సన్నగా, నునుపుగా ఉండి కుట్టు కనపడకుండా పడుతుంది, ధర ఎక్కువ. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దాకా కరగదు కదా, గిన్నెలోని సాంబారు 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మైక్రోవేవ్‌లో వేడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు, నూనె ఎక్కువగా ఉన్న కూరా చక్కెర పాకమూ 100 డిగ్రీలను సులువుగా దాటిపోతాయి, గిన్నె పింగాణీయే కొన్నిసార్లు విపరీతంగా వేడెక్కుతుంది. అలాంటి చోట నూలు మాడి రంగు మారి ముందే హెచ్చరిస్తుంది. పాలిస్టర్ మెత్తబడి, కరిగితే చర్మానికి అంటుకుంటుంది. పైన నూలు దారం వేసి, బాబిన్‌లో పాత పాలిస్టర్ దారాన్ని అలాగే వదిలేసి కుట్టడం జరుగుతూనే ఉంటుంది. బాబిన్ కూడా మార్చాలి. పేరు పట్టీలూ శాటిన్ రిబ్బన్లూ తగిలించవద్దు. గుండుసూదులను లెక్కపెట్టి గుచ్చి, లెక్కపెట్టి తీయాలి. విరిగిన సూదిమొన లోపల ఉండిపోతే జరీ చేసే పనే అదీ చేస్తుంది.

కుట్టే పద్ధతి తేలిక. సుమారు 6 అంగుళాల నోరున్న గిన్నెకు 10 అంగుళాల చదరాలు సరిపోతాయి. బట్టనూ దూదినీ కలిపి మూల నుంచి మూలకు అడ్డంగా కుట్టి, నాలుగు వైపులా డాట్లు (గిన్నె ఆకారం వచ్చేలా వేసే మడత కుట్లు) వేసి, రెండు తొడుగులను ఎదురెదురుగా పెట్టి కలపడమే. కత్తిరించే ముందు కొత్త బట్టను గోరువెచ్చని నీటిలో ఉతికి గంజి వదలగొట్టి ఆరబెట్టుకోవాలి, లేకపోతే కుట్టాక కుదించుకుపోయి గిన్నెకు బిగుసుకుంటుంది.

ఇంత జాగ్రత్తగా అచ్చ నూలుతో కుట్టినా, కోజీ అంటుకోనిది కాదు. నూలు గాలిలోని తేమను తన బరువులో ఇంచుమించు 8 శాతం దాకా పీల్చుకుంటుంది, ఆ తేమ మైక్రోవేవ్‌లో వేడెక్కుతుంది. గిన్నెలో ఆహారం లేకుండా కోజీని ఒంటరిగా పెట్టి నడిపితే ఆ శక్తినంతా పీల్చుకోవడానికి వేరే ఏదీ ఉండదు, బట్ట మాడి అంటుకోవచ్చు. అందువల్ల ఒకటి రెండు నిమిషాల్లో అన్నమో పప్పో వెచ్చబెట్టుకోవడానికే దీనిని వాడాలి గాని, పచ్చి కూరగాయలు ఉడికించడానికీ, పాప్‌కార్న్ పేల్చడానికీ కాదు. ఉతికిన కోజీ లోపల చెమ్మగా ఉంటే అదే ఆవిరి పట్టి చేతిని కాలుస్తుంది, పూర్తిగా ఎండాకే పెట్టాలి. కోజీ మూలలు మైక్రోవేవ్ గోడలకు తగలకూడదు, తిరిగే పళ్లానికి అడ్డు పడకూడదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే స్టీలు గిన్నెలకూ, మెలమైన్ గిన్నెలకూ ఇది మైక్రోవేవ్‌లో పనికిరాదని వేరే చెప్పాలి. ఆ గిన్నెలే అందులోకి వెళ్లకూడదు. కోజీ మీద గోధుమ రంగు మచ్చ కనిపించిన రోజున దానిని మైక్రోవేవ్ పని నుంచి తప్పించి, బల్ల మీద వేడి గిన్నె కింద వేసుకోవడానికి ఉంచుకోవాలి.

బహుమతిగా ఇచ్చేటప్పుడు ఈ షరతులను ఒక చిన్న కాగితం మీద రాసి గిన్నెలో పెట్టి ఇవ్వండి. ఏ దూది, ఏ దారం వాడారో కూడా అందులో రాయండి. అమ్మేవారైతే అది తప్పనిసరి అని నా అభిప్రాయం. కొనేవారు ఆ కాగితం లేని కోజీని బల్ల మీద వాడుకోవడానికి తీసుకోవచ్చు గాని, మైక్రోవేవ్ లోపల పెట్టకూడదు.