సెకండ్ హ్యాండ్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ: ఆరేళ్లు, ఆరు ఫిట్‌నెస్ టెస్టులు

నాలుగేళ్లు వాడిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు, ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీతోనూ నడిచే) ఎస్‌యూవీని నేను కొన్నప్పుడు మీటరు మీద 62,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఇప్పుడు 1,48,000. ఇక్కడ యూరప్‌లో ఏటా ఒకటి చొప్పున ఆరు ఫిట్‌నెస్ టెస్టులు అయ్యాయి. నాలుగు పాస్, రెండు ఫెయిల్. కొనేటప్పుడు అడిగినవాళ్లూ అడగనివాళ్లూ అన్నది ఒకటే మాట: “ఒకరు వాడేసిన బ్యాటరీ బండి కొనడమంటే కొరివితో తల గోక్కోవడమే.” లోపల నా భయమూ అదే. తీరా చూస్తే ఆ రెండు ఫెయిళ్లలో ఒక్కటి కూడా కరెంటు వైపు నుంచి రాలేదు.

రెండో ఏడాది టెస్టు నాకు బాగా గుర్తుంది. వెనక చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కితే బ్రేకు బలం కుడివైపు 1.9 కిలోన్యూటన్లు చూపించింది. ఎడమవైపు ముల్లు 1.1 దగ్గరే ఆగిపోయింది. ఒకే ఇరుసు మీద రెండు చక్రాల మధ్య తేడా 30 శాతం దాటకూడదని యూరప్ నిబంధన. నాది 42. నడిపేటప్పుడు నాకు ఏ తేడా తెలియలేదు, బండి ఒక పక్కకి లాగిందీ లేదు. బయటి నుంచి చూస్తే చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు తళతళలాడుతోంది కూడా. మెకానిక్ చక్రం విప్పి టార్చి వేసి లోపలివైపు చూపించాడు. వేలెడు వెడల్పు పట్టీ తప్ప మిగతాదంతా గోధుమరంగు పొట్టు. గీకితే రేకులుగా రాలింది. డిస్కును నొక్కి ఆపే ప్యాడు జరిగే గాడిలో తుప్పు చేరి, ప్యాడు అక్కడే బిగుసుకుపోయింది.

కారణం ఈ కార్ల తీరులోనే ఉంది. మామూలు వేగంలో మనం బ్రేకు తొక్కినా చాలావరకు కారును ఆపేది మోటారే. అది జనరేటరులా తిరిగి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ప్యాడ్లకు పని చివరి కొద్ది మీటర్లలోనే. అందుకే హైబ్రిడ్‌లో ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయని గొప్పగా చెబుతారు. అది నిజమే, నావి సగం కూడా అరగలేదు. కానీ అరగాల్సిన వస్తువు అరగకపోతే తుప్పు పడుతుంది. మామూలు కారులో రోజూ జరిగే రాపిడే డిస్కును శుభ్రం చేస్తుంది, ఇందులో ఆ రాపిడి లేదు. పని లేక పాడైపోయిన బ్రేకులకు డబ్బు పెట్టడం మహా చిరాకు. ఒక వైపే పాడైనా ఇరుసుకు రెండు వైపులా డిస్కులూ ప్యాడ్లూ మార్చాలి కాబట్టి ఖర్చు కూడా రెండింతలు.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. వారానికోసారి ఖాళీగా ఉన్న చోట, వెనక ఎవరూ లేరని చూసుకుని, గేరును న్యూట్రల్‌లో వేసి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కుతాను. న్యూట్రల్‌లో మోటారు బ్రేకింగ్ ఉండదు, భారమంతా డిస్కుల మీదే పడుతుంది. మొదటిసారి గరగరమంటుంది, మూడోసారికి సద్దుమణుగుతుంది. ఏడాదికోసారి ప్యాడ్లు తీయించి గాడులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టిస్తాను. ఆ తర్వాత నాలుగు టెస్టుల్లో బ్రేకుల దగ్గర మళ్లీ ఫెయిల్ కాలేదు.

నాలుగో టెస్టుకు ముందురోజు సాయంత్రం మాత్రం నిజంగా టెన్షన్ పడ్డాను. స్టార్ట్ బటన్ నొక్కగానే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, హైబ్రిడ్ సిస్టమ్, ఇలా డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పెద్ద బ్యాటరీ పోయిందనుకుని రాత్రంతా లెక్కలు వేశాను. తెల్లారి మీటరు పెట్టి చూస్తే అసలు దోషి 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండా ఛార్జి ఉన్నా సరే, కంప్యూటర్లను నిద్రలేపేది ఈ చిన్నదే. అది నీరసపడితే ఒక్కో కంప్యూటరూ ఒక్కో తప్పు చెబుతుంది. ఎలుకంత బ్యాటరీ ఏనుగంత బండిని ఆపింది! కొత్తది వేసి, ఎర్రర్లు చెరిపించి, అదే రోజు టెస్టుకు తీసుకెళ్తే పాసైంది. ఏబీఎస్ లైటు వెలుగుతూ వెళ్లి ఉంటే ఫెయిలే.

ఐదో ఏడాది ఫెయిల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు చక్రం దగ్గర బాల్ జాయింట్, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు, వదులైంది. బ్యాటరీ, రెండు మోటార్లు, ఇంజిన్ అన్నీ కలిసి బండి రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సస్పెన్షన్ భాగాలూ టైర్లూ ఎక్కువ కష్టపడతాయి. టైర్లు లోపలి అంచున ముందు అరుగుతాయి, నిలబడి చూస్తే కనిపించదు. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్న హద్దు అక్కడే ముందు దాటుతుంది. మొదటి టెస్టు రిపోర్టులో నాకొచ్చిన హెచ్చరిక కూడా ఇదే.

పొగ కొలిచే టెస్టు ఉన్న చోట ఇంకో చిన్న చిక్కు ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజిన్ స్టార్టే కాదు, బలవంతంగా స్టార్ట్ చేసినా, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉంటే సరిగ్గా పనిచేయదు. ఆ రోజు నేను ఛార్జింగ్ పెట్టను. దారంతా ఛార్జ్ మోడ్‌లో, అంటే ఇంజిన్ తిరిగేలా నడుపుకుంటూ వెళ్తాను.

ఇక అందరూ అడిగే బ్యాటరీ సంగతి. టెస్టులో దాన్ని కొలవరు. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లు దెబ్బతిన్నాయా, పైకి ఏమైనా లోపం కనిపిస్తోందా అని చూస్తారు, అంతే. కొన్నప్పుడు ఒక్క ఛార్జికి 42 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 31 వస్తోంది, చలికాలంలో ఇంకా తక్కువ. అయినా ఆరు రిపోర్టుల్లో దాని గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఇలాంటి బండి కొనేవాళ్లు పాస్ సర్టిఫికెట్ ఒక్కటీ చూసి సరిపెట్టుకోవద్దు. బ్యాటరీ కెపాసిటీని విడిగా స్కానరు పెట్టి చూపించమనండి. పాత టెస్టు రిపోర్టులు ఉంటే వాటిలో హెచ్చరికల వరస చదవండి. “డిస్కు లోపలివైపు తుప్పు” అని ఏటా రాసి, ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగిన బండయితే నేను ముట్టుకోను. ఎక్కువ తిరిగిన బండే నయం.

మొన్నటి ఆరో టెస్టులో ఒకే ఒక్క హెచ్చరిక వచ్చింది: వెనక కుడి డిస్కు అంచున కొద్దిగా తుప్పు. న్యూట్రల్‌లో బ్రేకు తొక్కడం ఇప్పుడు వారానికి రెండుసార్లు చేస్తున్నాను.