గ్లూకోమీటర్‌తో ఆరేళ్లు

నాన్నకు షుగర్ ఉంది, నాకూ వస్తుందేమోనని భయపడి ఆరేళ్ల కిందట ఇంట్లోనే రక్తంలో షుగర్ చూసుకునే ఈ మిషన్ కొన్నాను. మొదటి రోజు పరగడుపున వేలు గుచ్చి చూసుకుంటే 131. పరగడుపున 125 దాటితే షుగరేనని చదివి ఉన్నాను కదా, ఆ రోజంతా ఒకటే టెన్షన్. మర్నాడు ల్యాబ్‌లో రక్తం ఇస్తే పరగడుపు 118, హెచ్‌బీఏ1సీ అనే మరో రక్తపరీక్షలో 6.1 వచ్చాయి. అంటే ఇంకా షుగర్ రాలేదు, దానికి ముందు దశ అయిన ప్రీడయాబెటిస్‌లో ఉన్నాను. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే అలా అంటారు.

మిషన్ పాడైందేమో అనుకున్నాను. కాదట. 100 పైన రీడింగ్ అయితే ల్యాబ్‌తో 15 శాతం అటూ ఇటూ ఉండటం ప్రమాణాల ప్రకారం మామూలేనని డాక్టర్ చెప్పారు. అందుకే ఇంటి మిషన్ చూసి షుగర్ ఉందని తేల్చరు. ల్యాబ్‌లో 125 దాటినా, లక్షణాలేమీ లేకపోతే మరో పరీక్షతో సరిచూశాకే ఖాయం చేస్తారు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి.

ఇంకోసారి ఏకంగా 212 చూపించింది. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, అంతకుముందే పండు ఒలిచాను, వేళ్లు ఇంకా జిగురుగానే ఉన్నాయి. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని వేరే వేలు గుచ్చితే 124! అప్పటి నుంచి చేతులు కడగకుండా, రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్ ముట్టుకోను. గుచ్చడం కూడా వేలి కొసన కాదు, పక్కన. నొప్పి చాలా తక్కువ.

అసలు ఇబ్బంది స్ట్రిప్‌లతోనే. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తేమ తగిలి పాడవుతాయి. సగం డబ్బా అలాగే పారేశాను.

హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి దాన్నే గుడ్డిగా నమ్మేవాణ్ణి. మా అక్కకు 6.6 వచ్చింది. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే అది ఎక్కువగా కనిపించవచ్చని డాక్టర్ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే 128. 140 లోపే, అంటే మామూలే! అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ల్యాబ్‌కు వెళ్లే రోజు, బయల్దేరే ముందు ఇంట్లోనూ చూసుకుని రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటున్నాను. పోయిన నెల మిషన్‌లో 112, ల్యాబ్‌లో 104.